ఒక్కదానివే చదువుకోకు చెల్లీ

చెల్లీ, కొత్త సంవత్సరం రోజుల్లో విజయవాడలో పుస్తకాల పండగ జరుగుతుంది కదా, అక్కడికొచ్చే ఆడవాళ్లని గమనించావా? ఒక చేతిలో పిల్లాడి చెయ్యి, ఇంకో చేతిలో సంచి. సంచిలో పిల్లల బొమ్మల పుస్తకాల అడుగున తనకోసం కొనుక్కున్న కథల సంపుటి ఒకటి. అది ఎప్పుడు చదువుతుందంటావ్? ఇంట్లో అందరూ పడుకున్నాక. చదివాక మనసు నిండిపోతుంది, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తుంది. వినేవాళ్లెవరూ ఉండరు. పుస్తకం మూసి లైటు తీసేస్తుంది. నా ప్రాణం ఉసూరుమనేది అక్కడే.

చదువుకున్నదాన్ని పదిమందిలో చెప్పుకోవడం మన ఆడవాళ్లకి కొత్తేం కాదే. భండారు అచ్చమాంబ గారి సంగతి చూడు. పదేళ్లకే పెళ్లయింది, బడికి వెళ్లే వీలెక్కడిది? తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి సాయంతో తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆవిడ ‘ధనత్రయోదశి’ కథ 1902లో అచ్చయింది. అదే ఏడు మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. కథ రాయడమూ, ఆడవాళ్లని ఒకచోట కూర్చోబెట్టడమూ ఆవిడకి వేరువేరు పనులుగా అనిపించి ఉండవు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆవిడ. 1905లో తనూ వెళ్లిపోయారు, ముప్పయ్యేళ్లకే. అంత కొద్దికాలంలో ఇంత చేశారంటే, తలుచుకున్నప్పుడల్లా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

గ్రంథాలయాల కోసమూ అప్పట్లో అలాగే కష్టపడ్డారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. మనకి పుస్తకం కోసం అంత కష్టం లేదిప్పుడు. కష్టమల్లా కలిసి కూర్చోడానికే.

అందుకే మేం కొందరం ఆడవాళ్లం నెలకో ఆదివారం మా వీధి గ్రంథాలయం పైగదిలో కలుస్తాం. వక్తలుండరు, దండలుండవు. ముందుగా అనుకున్న కథ ఒకళ్లు పైకి చదువుతారు, మిగతావాళ్లం వింటాం. ఒకసారి చాసో గారి ‘వాయులీనం’ పెట్టుకున్నాం. జబ్బుపడ్డ భార్య రాజ్యం కోసం భర్త ఆమె ఫిడేలు అమ్మేస్తాడు, కొత్త చీర కూడా తెస్తాడు. చదవడం అవగానే ఒక పెద్దావిడ, “మనిషి దక్కింది, ఇంకేం కావాలమ్మా?” అన్నారు. కాలేజీకెళ్లే అమ్మాయి ఒప్పుకోలేదు. “ఆమె సంగీతం ఫిడేలు అమ్మిన రోజు పోలేదండీ, సంసారంలో పడి పక్కన పెట్టేసిన రోజే పోయింది” అంది. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. అంతవరకూ మూలన కూర్చుని ఒక్కమాటా మాట్లాడని ఒకావిడ అప్పుడు మెల్లిగా, “నా వీణ అటక మీదుంది” అంది. ఎవరికీ నోట మాట రాలేదు.

మళ్లీ నెలకి ఆవిడ రెండు కాగితాలు రాసుకొచ్చింది. పెళ్లికి ముందు పాఠం చెప్పిన మాస్టారు, తెగిన తీగ, అటకెక్కించిన రోజు మామగారు అన్న మాట, అన్నీ ఉన్నాయి అందులో. అంతకుముందు ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదట. ఒంటరిగా ‘వాయులీనం’ చదువుకుని ఉంటే ఆ కాగితాలు పుట్టేవి కావని నా గట్టి నమ్మకం. వాదించుకున్న ఆ ఇద్దరూ ఆవిడ చేత రాయించారు.

నీ దగ్గరా దాచుకున్న నోటుపుస్తకం ఉందని నాకు తెలుసు. అందులోది పైకి చదివి చూడు. నోరు ఎక్కడ తడబడితే ఆ వాక్యం సరిచేసుకోవాలని అర్థం. నలుగురిలో చదివితే ఇంకా బాగా తెలుస్తుంది. పక్కావిడ ఎక్కడ కిటికీలోంచి బయటికి చూసిందో, ఎక్కడ టీ గ్లాసు కింద పెట్టి ముందుకు వంగిందో కనిపిస్తుంది కదా! నీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయి. మీ అత్తగారి సామెతలు, మీ ఊరి యాస సిగ్గుపడి కొట్టేయకు. మాకు వాటి మీదే ఆశ.

వినేవాళ్లకీ బాధ్యత ఉంది. “చాలా బాగుందండీ” అని లేచిపోతే రాసినావిడకి ఒరిగేదేం లేదు. “ఇక్కడ నాకు కళ్లు చెమర్చాయి, ఇక్కడ మాత్రం ఎవరు ఎవరితో అంటున్నారో తెలీలేదు” అని చోటు చూపించి చెప్పాలి. రాసినావిడ ఆ కాసేపూ వివరణలివ్వకుండా రాసుకోవాలి. మొదట్లో మనసు చివుక్కుమంటుంది. ఓర్చుకో. నీ వాక్యాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు నీకు ఇంకెక్కడ దొరుకుతారు?

మీ ఊళ్లో ఇలాంటి చోటు లేదని అంటావేమో. శాఖా గ్రంథాలయం లేకపోతే ఎవరి వరండా అయినా చాలు. నలుగురు చాలు. మొదటిసారికి చిన్న కథ పెట్టుకోండి, అరగంటలో చదవడం అయిపోవాలి, మాటలకే ఎక్కువసేపు వదలాలి. పిల్లల్ని ఎవరు చూసుకోవాలో ఇంట్లో ముందే తేల్చుకో, ఆ సాయంత్రం వంట ఇంకొకళ్ల మీద పెట్టు. మొహమాటపడకు. ఏ కథ పెట్టుకున్నారో, ఎవరెవరు ఏమన్నారో నాకు ఉత్తరం రాయి. పోట్లాడుకుంటే అదీ రాయి.