"సెప్టిక్ అయింది" అంటే ఏమిటి? – మొదటి గంటల్లో ఒంట్లో జరిగేది

డాక్టరు గారు వార్డులోనుండి బయటికి వచ్చి, "ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది, దీనిని సెప్సిస్ అంటారు" అని చెప్పినప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "మొన్నటిదాకా బాగానే ఉన్నాడు కదండీ, కాలికి చిన్న పుండు, అంతే. ఇంతలోనే బి.పి. ఎలా పడిపోయింది?"

ఇది న్యాయమైన ప్రశ్న. వార్డు హడావుడిలో దీనికి వివరంగా జవాబు చెప్పే తీరిక ఎవరికీ దొరకదు. అందుకే ఈ పాఠం.

మన వైపు పుండు చీము పడితే "సెప్టిక్ అయింది" అంటాము. డాక్టర్లు చెప్పే సెప్సిస్ అంతకంటే పెద్దది. 2016లో నిపుణులు దీనికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించడం వలన అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే స్థితి సెప్సిస్. తప్పంతా క్రిములదే అనుకుంటాము. కాని వాటిని తరమడానికి లేచిన మన రక్షణ దళం చేసే నష్టం కూడా ఇందులో చాలా ఉంటుంది.

ముల్లు గుచ్చుకున్న తర్వాత

నంద్యాల చుట్టుపక్కల వరి మళ్లలో దిగేవారికి కాలి పగుళ్లు మామూలే. ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కేవారికి ఉలి దెబ్బ తగలడం, రాతి పెచ్చు గీరుకోవడం కొత్త కాదు. అలా తెగిన చోటునుండి క్రిములు లోపలికి వెళ్తాయి. చర్మం కింద మాక్రోఫేజ్‌లు అనే కాపలా కణాలు ఉంటాయి. ఇవి క్రిమి ఒంటిమీద ఉండే గుర్తులను బట్టి అది పరాయిదని పసిగడతాయి. ఉదాహరణకు కొన్ని రకాల బాక్టీరియాల పై పొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. దానిని పట్టుకునేందుకు కాపలా కణం మీద "టోల్ లైక్ రిసెప్టర్లు" అనే గ్రాహకాలు ఉన్నాయి. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల మీద వాలే చిన్న ఈగలలో టోల్ అనే జన్యువు క్రిములనుండి ఎలా కాపాడుతుందో చూపింది. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకలలో ఎండోటాక్సిన్‌ను పట్టే గ్రాహకాన్ని గుర్తించింది. వారిద్దరికీ 2011లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈగలో, ఎలుకలో, మనిషిలో కాపలా పద్ధతి దాదాపు ఒకటే కావడం ఆశ్చర్యమే.

పరాయిదని తేలగానే కాపలా కణం దండోరా వేస్తుంది. ఈ దండోరా మోసేవి సైటోకైన్లు అనే పదార్థాలు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1 అనేవి దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి, వాటి గోడలను కొంచెం వదులు చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-8 తెల్ల రక్తకణాలను పుండు దగ్గరికి పిలుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయానికి కబురు పంపగా, కాలేయం సి.ఆర్.పి. అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. మీ చేతిలోని ల్యాబ్ కాగితం మీద కనిపించే సి.ఆర్.పి. అదే. ఇవే కబుర్లు మెదడుకు చేరితే జ్వరం వస్తుంది.

పుండు చుట్టూ ఎరుపు, వాపు, వేడి, నొప్పి కనిపించడం ఈ పని సక్రమంగా జరుగుతోందనడానికి గుర్తు. చాలాసార్లు పోరు అక్కడే ముగిసి పుండు మానిపోతుంది.

తూములన్నీ ఒక్కసారే ఎత్తితే

క్రిములు పుండు దాటి రక్తంలోకి వెళ్లినా, పుండు దగ్గరి కబుర్లు మరీ ఎక్కువై రక్తంలోకి పొంగినా, ఒక్క చోట జరగవలసినది ఒళ్లంతా జరుగుతుంది. మీకు కె.సి. కెనాల్ తెలుసు. పైన ఉన్న తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే కాలువలో నీటి మట్టం పడిపోయి చివరి ఆయకట్టు ఎండుతుంది. అలాగే ఒంట్లోని రక్తనాళాలన్నీ ఒకేసారి వెడల్పయితే బి.పి. పడిపోతుంది. నాళాల గోడలు వదులై నీరు కండలోకి కారిపోతుంది. అందుకే ఒళ్లు ఉబ్బుతుంది, నాళాలలో మాత్రం రక్తం చాలదు. అక్కడక్కడ చిన్న నాళాలలో రక్తం గడ్డలు కట్టి కాలువకు పూడిక పడినట్లు అవుతుంది. ఇక మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు చివరి ఆయకట్టు రైతుల్లా ఎదురుచూస్తుంటాయి.

ఇదంతా కొన్ని గంటల్లోనే జరగవచ్చు. మీరు "మొన్నటిదాకా బాగున్నాడు" అనడం అబద్ధం కాదు.

జ్వరం తగ్గింది కదా అనుకోవద్దు

జ్వరం తగ్గడానికి ఊరిలో వేయించిన సూదిమందుతో ఒళ్లు చల్లబడవచ్చు, కాని లోపలి దండోరా ఆగినట్లు కాదు. వృద్ధులలో, షుగరు ఉన్నవారిలో, పసిపిల్లలలో అసలు జ్వరమే రాకపోవచ్చు. కొందరిలో ఒళ్లు మామూలు కంటే చల్లగా, 36 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువకు పోతుంది. ఇది జ్వరం కంటే మంచి లక్షణమేమీ కాదు.

ఇంట్లోవారు గమనించవలసినవి వేరే ఉన్నాయి. మనిషి మాటలు పొంతన లేకుండా ఉన్నాయా, మగతగా పడి ఉంటున్నాడా? ఊపిరి వేగంగా తీస్తున్నాడా? ఛాతీ మీద చూపు పెట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టండి. పెద్దవారిలో 22 లేక అంతకంటే ఎక్కువ ఉంటే ఆలస్యం చేయకండి. ఉదయం నుండి మూత్రం పోశాడా? చేతులు, కాళ్లు చల్లగా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయా? పసిబిడ్డ పాలు తాగడం మానేస్తే, లేపినా లేవకపోతే, అదొక్కటి చాలు బయలుదేరడానికి. కాన్పు అయిన తల్లికి చలి, కడుపునొప్పి, దుర్వాసనతో మైల ఉంటే "బాలింతకు మామూలే" అనుకోకూడదు.

ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. సాయంత్రం కనిపించిన ఆయాసాన్ని తెల్లవారాక చూద్దాం అనుకుంటే ఆ రాత్రే లెక్క తప్పుతుంది. 108కు ఫోన్ చేసేటప్పుడు "జ్వరం" అని మాత్రమే చెప్పక, "మగతగా ఉన్నాడు, ఊపిరి వేగంగా ఉంది" అని చెప్పండి.

"రిపోర్టు రాకముందే మందు ఎందుకు?"

కుటుంబసభ్యులు మమ్మల్ని తరచుగా ఇలా నిలదీస్తారు. రక్తం తీసి కల్చర్‌కు పంపితే ఏ క్రిమో తేలడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. సైటోకైన్లు అంతవరకు ఆగవు. 2006లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, బి.పి. పడిపోయిన సెప్సిస్ రోగులకు తగిన యాంటీబయాటిక్ ఇవ్వడం మొదటి ఆరు గంటలలో ఒక్కో గంట ఆలస్యమయ్యే కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. అందుకే కల్చర్‌కు రక్తం తీసిన వెంటనే, చాలా రకాల క్రిములపై పనిచేసే మందు మొదలుపెడతారు. రిపోర్టు వచ్చాక దానిని మారుస్తారు. మారిస్తే మొదటి మందు తప్పని కాదు.

సెలైన్ సంగతి కూడా అంతే. బి.పి. పడిపోయిన పెద్దవారికి మొదటి మూడు గంటలలో కిలో బరువుకు దాదాపు 30 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వాలని సూచన ఉంది. 60 కిలోల మనిషికి 1800 మిల్లీలీటర్లు, అంటే మూడున్నర చిన్న సీసాలకు పైగా. గుండె జబ్బు ఉన్నవారికి, డెంగీ అనుమానం ఉన్నవారికి డాక్టరు చూసి మోతాదు మారుస్తారు. సెలైన్‌తో బి.పి. నిలవకపోతే నాళాలను బిగించే నార్ అడ్రినలిన్ మందు పెడతారు. మంచం పక్కన వేలాడే మూత్రం సంచిని కూడా చూస్తుండండి. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. తగ్గితే సిస్టరుకు చెప్పండి, మీరు చెప్పినందుకు ఎవరూ విసుక్కోరు.

మరి ఆ దండోరానే ఆపే మందు లేదా? 1990లలో శాస్త్రవేత్తలు టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందులను సెప్సిస్ రోగులపై పరీక్షించారు. ఆశించిన ఫలితం రాలేదు. కారణాలలో ఒకటి, టి.ఎన్.ఎఫ్. రెండు గంటలలోపే శిఖరానికి చేరి తగ్గిపోతుంది. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి కబురు చేరవలసిన చోటికి చేరిపోయి ఉంటుంది. ఆ రకం మందులే తరువాత కీళ్లవాతం రోగులకు ఎంతో మేలు చేశాయి.

నల్లమల అంచున ఒక మాట

అహోబిలం వైపు పొదలలో గొర్రెలు మేపేవారికి, కట్టెలకు వెళ్లేవారికి స్క్రబ్ టైఫస్ రావచ్చు. గడ్డి పొదలలో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు పిల్ల కుడితే ఇది వస్తుంది. ఇది కూడా ముదిరితే సెప్సిస్‌లాగే అవయవాలను దెబ్బతీస్తుంది. మామూలుగా ఇచ్చే చాలా యాంటీబయాటిక్‌లు దీనిపై పనిచేయవు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ పనిచేస్తాయి. వెల్లూరు సి.ఎం.సి. వైద్యుల ఆధ్వర్యంలో మన దేశంలో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు ఈ రెండింటినీ కలిపి నరానికి ఇస్తే ఒక్కటే ఇచ్చినదానికంటే మెరుగైన ఫలితం వచ్చింది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అది వచ్చిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఈ పురుగు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని చెక్కు కడుతుంది. చంకలో, గజ్జలలో, నడుము మడతలో దాగి ఉంటుంది, నొప్పి ఉండదు. రోగికి స్నానం చేయించే మీ కంటికే అది ముందు కనబడవచ్చు. కనబడితే దాచకుండా డాక్టరుకు చూపించండి. ఆడవారు మొహమాటపడితే సిస్టరుకైనా చెప్పాలి.

గండం దాటిన తర్వాత

శరీరం దండోరాతో పాటు దానిని చల్లార్చే కబుర్లు కూడా పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-10 అటువంటిది. కొందరిలో ఈ చల్లార్చడం మరీ ఎక్కువై రక్షణ దళం అలసిపోతుంది. అప్పుడు కొత్త ఇన్ఫెక్షన్ సులభంగా పడుతుంది. వారం గడిచింది, కోలుకున్నాడు అని ఊరంతా ఒక్కసారే చూడడానికి వస్తే గేటు దగ్గర ఆపేది ఇందుకే. లోపలికి వెళ్లే ఒక్కరూ సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్లాలి. జలుబు ఉన్నవారు బయటే ఉండాలి.

ఇంటికి వెళ్లాక కూడా నెలల తరబడి నీరసం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం ఉండవచ్చు. "బద్ధకం నేర్చాడు" అని అనకండి. మళ్లీ చలి జ్వరం వస్తే డిశ్చార్జి కాగితం, ఊరిలో వేయించిన సూదిమందుల చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు ఒక కవరులో వేసుకుని రండి. ఏ మందు పడిందో తెలియని రోగికంటే, తెలిసిన రోగికి సరైన మందు త్వరగా మొదలుపెట్టగలము.