జారిపడ్డానని ఎందుకు చెప్పావే?

గుంటూరు

చిట్టితల్లీ బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసేదాకా నాకు సంగతే తెలియదు. కొండాపూర్‌లో రోడ్డు దాటుతుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన డెలివరీ కుర్రాడు గుద్దేశాడట, కుడి మణికట్టు ఎముక విరిగిందట, సిమెంటు కట్టు వేశారట. తల డివైడర్‌కి తగిలిందని కూడా అంది. ముందు అది చెప్పు. వాంతులేమైనా అయ్యాయా? తలనొప్పి పెరుగుతోందా, మగతగా ఉంటోందా? అందులో ఏ ఒక్కటున్నా ఈ ఉత్తరం పక్కన పడేసి స్కానింగ్‌కి వెళ్ళు.

నాకు నిద్ర పట్టనిది మాత్రం ఇంకో మాటకి. ఆస్పత్రిలో ఎలా జరిగిందని అడిగితే "జారిపడ్డాను" అన్నావట! ఆ పిల్లాడు ఏడుస్తున్నాడని, కేసైతే వాడి పని పోతుందని జాలిపడ్డావట. అచ్చం మీ అమ్మమ్మ మనసే నీది.

ఇన్నేళ్ళు క్యాజువాల్టీలో చేసిన దాన్ని చెబుతున్నా విను. నేను స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తల్లో ఒక రాత్రి మిర్చియార్డు హమాలీని తీసుకొచ్చారు. లారీ వెనక్కి వస్తూ కాలు నుజ్జు చేసింది. తెచ్చింది ఆ లారీ క్లీనరే, మంచం పక్కనుంచి కదలడం లేదు. డ్యూటీ డాక్టరు ఎలా జరిగిందని అడిగితే హమాలీ ఆ క్లీనరు మొహం చూసి, "మెట్ల మీంచి పడ్డానయ్యా" అన్నాడు. డాక్టరు అదే రాసుకున్నాడు. అట్ట ఊడిపోయి దారంతో కట్టిన రిజిస్టరు, మిరపఘాటు వాసన కొట్టే అతని తలగుడ్డ ఇప్పటికీ కళ్ళముందున్నాయి. హమాలీకి కాలు తీసేశారు. తర్వాత పరిహారం కేసు వేస్తే ఇన్సూరెన్సు వకీలు ఆ రిజిస్టరు తెప్పించి ఆ ఒక్క ముక్కే చదివాడు. కేసు కొట్టేశారు.

అందుకే తల్లీ, క్యాజువాల్టీలో మొదట చెప్పే మాట చాలా గట్టిది. ఎక్కడ, ఎన్నింటికి, ఏ బండి, ఎటునుంచి వచ్చి గుద్దింది అన్నది ఉన్నదున్నట్టు చెప్పి ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయించాలి. ఎక్స్‌రేలు, బిల్లులు అన్నీ దాని తర్వాతే. ఇప్పటికీ మించిపోలేదు. ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళి నిజం చెప్పు. పాత రాత కొట్టేయించకు, అది ఇంకా అనుమానం. వెళ్ళిన రోజు తేదీతో కింద కొత్తగా చేర్చమను.

ఆ కుర్రాడి సంగతంటావా, నీ జాలి తప్పని నేననను. డెలివరీల్లో అంత తొందర వాడు పుట్టించింది కాదు. కానీ కేసు పెడితే వాణ్ణి జైల్లో తోసేస్తారనుకోకు, ఇలాంటివి బెయిలొచ్చే సెక్షన్లే. లైసెన్సు, ఇన్సూరెన్సు సరిగా ఉంటే పరిహారం వాడి జేబులోంచి పోదు, ఇన్సూరెన్సు కంపెనీయే కడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది నీలాంటి వాళ్ళ కోసమే. అయితే బండికి నంబరు ప్లేటు ఉందా, చూశావా? 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బ్యాటరీ బండ్లకి రిజిస్ట్రేషనూ ఉండదు, ఇన్సూరెన్సూ తప్పనిసరి కాదు. అలాంటిదైతే దారి వేరు, వకీలుని ముందే అడగాలి. వాడి వీపున ఏ కంపెనీ బ్యాగుందో, ఆర్డరు మీద ఉన్నాడో లేదో కూడా ఫిర్యాదులో రాయి. కంపెనీలు వీళ్ళని ఉద్యోగులనవు, పార్ట్‌నర్లంటాయి. రేపు బాధ్యత దగ్గర ఆ పేచీ వస్తుంది.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడుగు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆస్పత్రిలో జారిపడ్డానని ఎందుకన్నావో అందులోనే దాచకుండా రాయించు. కుడిచెయ్యి కదా, తమ్ముడి చేత రాయించి ఎడమచేత్తో సంతకం పెట్టు. ప్రమాదం జరిగిన చోట ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరా సంగతి ఇవాళే అడగమను, పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ ఆరునెలల లోపు వెయ్యాలని చట్టం మార్చారు, నువ్వుండే చోటే వేసుకోవచ్చు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళకి ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు డబ్బు కట్టించుకోకుండా వైద్యం చేసే పథకం కూడా వచ్చింది. నీకు ఆ గడువు ఇంకా ఉందేమో కనుక్కో.

అన్నం ఎవరు కలిపి పెడుతున్నారే? మీ అమ్మకి సెలవు దొరక్కపోతే నేనొస్తా. మోకాళ్ళ నొప్పులని మొహమాటపడకు. గోంగూర పచ్చడి, కందిపొడి కట్టి ఉంచాను.

రేపు పొద్దున్నే ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళు, అక్కణ్ణుంచి నేరుగా స్టేషన్‌కి. రెండూ అయ్యాక నాకు ఫోన్ చెయ్యి తల్లీ, ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దమ్మ