నెట్, టీవీ ఒకే కనెక్షన్‌లో తీసుకోవచ్చా?

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో అపార్ట్‌మెంట్‌కి మారాం. నాది ఇంటి నుంచే ఉద్యోగం. మా అత్తయ్యగారికి సీరియళ్లు తప్పనిసరి. నెట్, టీవీ కలిపి తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేరువేరుగా తీసుకోండి. కలిపి తీసుకుంటే ఖర్చు తగ్గొచ్చు కానీ, ఫైబర్ తెగిందంటే మీ మీటింగూ ఆవిడ సీరియలూ రెండూ ఆగిపోతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుత్ ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడు నగరంలో చాలా ఇళ్లకు నెట్ పోయింది. అందుకే ఫోన్ హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉంచుకోండి.

యాక్ట్, జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్‌లలో మీ బిల్డింగులోకి ఏవి వచ్చాయో పక్క ఫ్లాట్లవాళ్లని అడగండి. రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ ఎలా ఉంటోంది, కంప్లయింట్ ఇస్తే మనిషి ఎప్పుడొస్తున్నాడు అన్నవే అసలు ప్రశ్నలు. మీ ఇంటికి 100 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. అప్‌లోడ్ స్పీడూ అంతే ఉందా అని అడగండి. చెప్పిన రేటులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో చూసుకోండి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు, ముందు ఒక నెల వాడి చూడండి. రౌటర్‌ని టీవీ వెనక కాకుండా మీరు పనిచేసే గదికి దగ్గరగా, ఎత్తులో పెట్టించండి.

ఇక టీవీకి, 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఛానళ్లు విడివిడిగా ఎంచుకోవచ్చు. అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చూసేవే తీసుకోండి.