గుమ్మడి పాదు చెంత

ఉద్దేశం

పండుగ సెలవులలో కుటుంబమంతా పొలానికి వెళ్ళడం కేవలం కాలక్షేపం కాదు. పంటను గూర్చి, నీటిని గూర్చి పెద్దలు ఆర్జించిన జ్ఞానం పిల్లలకు అందే సందర్భమది. ఈ విషయాన్ని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. కడప జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో గణనీయమైన భాగం ఈశాన్య ఋతుపవనాల వల్ల ఈ కాలంలోనే లభిస్తుంది. ఎండకు బీటలు వారిన నల్లరేగడి మెత్తబడుతుంది, గట్లు పచ్చబడతాయి. పట్టణాలలో స్థిరపడిన కుటుంబాలు దసరాకో, కార్తీక వనభోజనాలకో సొంత ఊరు చేరుకొనేది అప్పుడే.

పులివెందుల ప్రాంతంలోని సింహాద్రిపురం చీనీ తోటలకు పేరుపొందింది. గుమ్మడి ఇక్కడ ప్రధానమైన పంట కాదు. పెరటిలోనో, పొలం గట్టు మీదనో, ఎరువుదిబ్బ పక్కనో తొలకరిలో నాలుగు గింజలు నాటితే చాలు. తీగ తన దారి తానే వెతుకుకొంటుంది. సుమారు నాలుగు నెలలకు, శరత్తు నాటికి, ఆకుల మాటున కాయలు పండుబారతాయి. పొలానికి వచ్చిన పిల్లలు మొదట పరుగెత్తేది ఆ పాదు వద్దకే.

అక్కడ పాఠం చెప్పేది జేజి. పిందెను వేలెత్తి చూపిన మనుమని చేయి ఆమె వెంటనే దించుతుంది. “వేలు చూపితే పిందె కుళ్ళిపోతుంది నాయనా!” అంటుంది. ఇది మన పల్లెలలో తరతరాలుగా ఉన్న నమ్మకం. పిందె కుళ్ళడానికి వేలు కారణం కాదు. గుమ్మడి తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. తెల్లవారుజామున విచ్చి, మధ్యాహ్నానికి ముడుచుకొనే ఆ పూలలో తేనెటీగలు పుప్పొడిని చేరవేస్తేనే కాయ నిలుస్తుంది. పరాగ సంపర్కం సరిగా జరగని పిందెలు పసుపుబారి రాలిపోతాయి. పూలు విచ్చిన వేళ పురుగుమందు చల్లితే తేనెటీగలు నశిస్తాయి, కాపు తగ్గుతుంది. నమ్మకం నిజం కాకపోయినా, లేత పిందెను ముట్టరాదన్న జాగ్రత్త మాత్రం అందులో ఉంది.

జేజి చెప్పే రెండవ పాఠం కోత. తొడిమ ఎండి, తోలు గోటికి లొంగనంత గట్టిపడినప్పుడే కాయ కోయాలి. తొడిమతో సహా కోసి, తడి తగలని చోట ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. కూరగాయలు దొరకని రోజులలో ఆ కాయే పులుసు, ఆ కాయే దప్పళం. బూడిదగుమ్మడి అయితే వడియాలై ఏడాదంతా జాడీలో ఉంటుంది. మేలైన కాయ గింజలను కడిగి, ఆరబెట్టి, బూడిదలో కలిపి దాచితే మరుసటి తొలకరికి విత్తనాలు సిద్ధం.

మనం గుమ్మడి అని పిలిచేవి రెండు వేరువేరు మొక్కలు. బూడిదగుమ్మడి ఆసియాకు చెందినది. సంస్కృతంలో కూష్మాండమని పేరు. గుమ్మానికి కట్టేది, కార్తీక శుద్ధ నవమినాడు దానమిచ్చేది ఇదే. తీపిగుమ్మడి జన్మస్థానం అమెరికా ఖండం. మెక్సికోలో సుమారు 10,000 సంవత్సరాల క్రితమే గుమ్మడి జాతి సాగు మొదలైనట్లు పురావస్తు ఆధారాలు లభించాయి. ఐరోపావారి సముద్రయానాల తరువాత అది మన దేశానికి చేరింది. పరదేశం నుండి వచ్చిన ఆ తీగ పువ్వే నేడు సంక్రాంతి గొబ్బెమ్మకు అలంకారం.

ఆ గుమ్మడి పుట్టిన ఖండంలోనే నేడు ఎందరో తెలుగువారు నివసిస్తున్నారు. అక్టోబరులో వారు పిల్లలతో గుమ్మడి తోటలకు వెళతారు, రుసుము చెల్లించి, నచ్చిన కాయను ఏరుకొని, హాలోవీన్ దీపంగా చెక్కుతారు. అక్కడ తోట ఒక వినోదస్థలం. సింహాద్రిపురంలో అది ఇంటి జీవనాధారంలో ఒక పాలు.

అందుకే ఇక్కడి పిల్లలు కాయతోపాటు నీటినీ చూడాలి. చీనీ మొక్క కాపుకు రావడానికి నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. అప్పటివరకు రైతు వరుసల నడుమ అంతరపంటలు వేసి ఇల్లు గడుపుకొంటాడు. ఈ ప్రాంతంలో బోరుబావులు వందల అడుగుల లోతుకు వెళ్ళాయి. కరవు సంవత్సరాలలో ట్యాంకర్లతో నీరు తోలి చెట్లను బ్రతికించుకొన్నవారున్నారు, చేతులారా పెంచిన తోటను నరికివేసినవారూ ఉన్నారు. ఒక తోట ఎండితే నష్టపోయేది ఒక ఏటి పంట కాదు, ఒక కుటుంబపు పదేళ్ళ శ్రమ. చిత్రావతి జలాశయం నుండి కాలువ నీరు, బిందుసేద్యం కొంత ఊరటనిచ్చాయి గాని నీటిచుక్క విలువ తగ్గలేదు.

తిరుగు ప్రయాణంలో జేజి పిల్లల చేతిలో కాయతోపాటు గింజల పొట్లం కూడా పెడుతుంది. కాయ నాలుగు రోజులలో వంటకమైపోతుంది. గింజ ఎప్పుడు నాటాలో, ఎలా కాపాడాలో తెలిసినవారుంటేనే మరుసటి ఏడు తీగ సాగుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

పాదు = తీగ మొక్క, దాని కుదురు
తొలకరి = వర్షాకాలపు తొలి వానలు
పరాగ సంపర్కం = పుప్పొడి ఆడపువ్వును చేరడం
పాలు = భాగం
బిందుసేద్యం = చుక్కలుగా నీరందించే సాగు పద్ధతి

వ్యాకరణం

శరదృతువు = శరత్ + ఋతువు – జశ్త్వ సంధి
నాలుగైదు = నాలుగు + ఐదు – ఉత్వ సంధి
వనభోజనం = వనమందు భోజనం – సప్తమీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

1. గుమ్మడి పిందెను గూర్చిన నమ్మకాన్ని, దాని వెనుకనున్న శాస్త్రీయ కారణాన్ని వివరించండి.
2. సింహాద్రిపురం ప్రాంత రైతుకు నీటితో గల సంబంధాన్ని తెలపండి.
3. బూడిదగుమ్మడికి, తీపిగుమ్మడికి గల భేదమేమి?
4. మీ ఇంటి పెద్దల నుండి ఒక పంటను గూర్చి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.