కొన్నదంతా సాక్ష్యమేనా?

సమస్య

మేం తాతల కాలం నుంచీ క్రైస్తవులం. మా పెద్దలు కూలి చేసుకుని బతికారు. మిషన్ బడి చదువుతో మా నాన్నగారు ఉపాధ్యాయుడయ్యారు. ఇప్పుడు నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఫ్లాటు, కారు, పిల్లలకు పేరున్న స్కూలు, అన్నీ ఉన్నాయి. దశమభాగం తప్పకుండా ఇస్తాం. ఏది కొన్నా సంఘంలో సాక్ష్యం చెబుతాం, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతాం. అయినా కొంతకాలంగా ప్రార్థన నోటితో చేస్తున్నానే గానీ మనసు పలకడం లేదు. వేరే సంఘానికి వెళ్లి చూశాను. ఉపవాస కూడికలకు వెళ్లాను. యూట్యూబ్‌లో ప్రసంగాలు మార్చి మార్చి విన్నాను. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు మావారు పెద్ద ఫ్లాటు కోసం ఇంకో లోను తీసుకుందామంటున్నారు. దేవుడు హెచ్చిస్తుంటే కాదనడం అవిశ్వాసమట. ఉన్నదంతా అమ్మి బీదలకిమ్మని యేసు చెప్పిన చోటు చదివితే నాకు భయం వేస్తోంది. నేనేం చేయాలి?
— ఒక సోదరి, గుంటూరు

సలహా

సోదరీ, మీ ఉత్తరంలో విశ్వాసం తగ్గిన మనిషి నాకు కనిపించలేదు. మీ ఇంట్లోని వస్తువులు కూడా మీ బాధకు కారణం కావు. ఆ వస్తువులకు మన సంఘాలు అప్పగించిన పనే దానికి కారణమని నా అభిప్రాయం. ఇల్లు కొంటే సాక్ష్యం, కారు కొంటే సాక్ష్యం, ప్రమోషన్ వస్తే సాక్ష్యం. దేవుడు నాతో ఉన్నాడనడానికి కొనుగోలే రుజువవుతోంది. అలాంటి రుజువు ఎంతోకాలం నిలవదు. నిరుడు కొన్న కారు ఈ ఏడు దేన్నీ రుజువు చేయదు కాబట్టి ఇంకొకటి కావాలి, దానికి ఇంకో లోను కావాలి. అదే కూడికలో ఇంటి అద్దె ఎలా కట్టాలా అని సతమతమయ్యే స్త్రీ కూర్చుని ఉంటుంది. మన సాక్ష్యం విన్నాక, దేవుడు తనను మరిచిపోయాడని ఆమె అనుకుంటే తప్పెవరిది? ఆ మాట మనం అనకపోయినా మన లెక్క ఆ మాటే చెబుతోంది. మీరు అర్థం కోసం వెతికిన తీరు కూడా ఇలాంటిదే. ఒక సంఘం, ఒక కూడిక, ఒక ప్రసంగం తెచ్చుకోవడం, దాని ఉత్సాహం తగ్గగానే మరొకటి అందుకోవడం. ఇది మీ ఒక్కరి లోపం కాదు. మన చుట్టూ ఉన్న బజారు ఏ కొరతకైనా చూపే దారి ఇదొక్కటే.

ముందు మీ భయం సంగతి చూద్దాం. ఉన్నదంతా అమ్మమని యేసు ఒక ధనవంతుడితో అన్న మాట నిజమే, దాన్ని మెత్తబరచే ఉద్దేశం నాకు లేదు. అయితే సుంకరి జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానని అన్నప్పుడు, మిగతా సగం సంగతేమిటని యేసు నిలదీయలేదు. ఆయనతోపాటు తిరిగిన స్త్రీలు తమ ఆస్తిలోనుంచే ఆ బృందాన్ని పోషించారని లూకా రాశాడు. అందరికీ ఒకే మొత్తం విధించలేదన్నమాట. ఒక కొలత మాత్రం బైబిల్లో మొదటినుంచీ కనిపిస్తుంది. అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఆహారంగా ఇచ్చిన మన్నాను ఎవరి అవసరానికి తగినంత వాళ్లు ఏరుకోవాలి. రేపటికని దాచింది పురుగు పట్టింది, విశ్రాంతిదినం కోసం ఉంచింది ఒక్కటే చెడలేదు. ఆ పాత కథను పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఎందుకు ఎత్తాడో గమనించండి. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ ఎత్తాడు. మీ దగ్గర మిగిలింది వాళ్ల కొరత తీర్చాలి, రేపు వాళ్లకు మిగిలింది మీ కొరత తీర్చాలి అన్నది అక్కడ ఆయన వాదం. అంటే మిగులు దేవుని మెప్పుకు గుర్తు కాదు, ఇంకొకరి వాటా మన చేతికి వచ్చి ఉండటం. తనను బలపరచేవాని వల్ల సమస్తం చేయగలనన్న పౌలు మాటను మనం కార్ల వెనక అద్దాల మీద రాయించుకుంటాం. ఆయన దాన్ని చెరసాలలో ఉండి రాశాడు, అదీ కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని చెప్పిన వెంటనే.

విశ్వాసానికి కలిమి రుజువు కాదనడానికి మన తెలుగు సంఘ చరిత్రలోనే గట్టి ఆధారం ఉంది. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, కరువు సాయం సాగినంతకాలం ఆయన ఇవ్వలేదు. ఎవరూ తిండి కోసం క్రీస్తు పేరు చెప్పుకోకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి వచ్చిన ఆ మనుషుల విశ్వాసాన్ని ఏ కొనుగోలుతో కొలుస్తాం? లాభాన్నీ విశ్వాసాన్నీ అంత జాగ్రత్తగా వేరుచేసిన చోట పుట్టిన సంఘం ఇవాళ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. తరతరాలు ఊరి బయట ఉంచి, మంచి బట్ట కట్టనివ్వని, చెప్పులతో వీధిలో నడవనివ్వని మనుషుల పిల్లలకు ఇప్పుడు తృప్తి గురించి బోధించడం క్రూరత్వం కాదా? పక్కా ఇల్లు, శుభ్రమైన బట్ట, పిల్లల చదువు వాళ్లకు ఆడంబరం కాదు, గౌరవం. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తాము కడుపునిండా తింటూ బీదలకు సంతృప్తి నూరిపోసే బోధ యేసుది కాదు. కానీ మీ తాతలకు దక్కనిదీ, మీ ఇంటికి వచ్చిందీ మనిషిగా తలెత్తుకు బతికే హక్కు. మూడు పడకగదుల ఇల్లు నాలుగు గదులదైతే ఆ హక్కు పెరగదు. పెరుగుతుందని నమ్మితే, మనిషి విలువను ఆస్తితోనూ హోదాతోనూ తూచిన పాత ఊరి తక్కెడనే మనం మళ్లీ చేతిలోకి తీసుకున్నట్టు. అప్పుడు దాని కింద నలిగేది మన సంఘంలోనే వెనకబడిపోయిన కుటుంబాలు.

మీ కుటుంబ కథ లాంటిదాన్ని మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ రెండు వందల ఏళ్లకు ముందే చూశాడు. భక్తి మనిషికి కష్టపడే గుణాన్నీ పొదుపునూ నేర్పుతుంది, వాటివల్ల డబ్బు వస్తుంది, ఆ డబ్బే చివరికి భక్తిని తినేస్తుందని 1786లో ఆయన కలతపడ్డాడు. ఆయనకు తోచిన విరుగుడు కష్టపడటం మానడం కాదు, ఇవ్వడం. ఆక్స్‌ఫర్డ్‌లోని తొలి మెథడిస్టుల్లో ఒకరి సంగతి ఆయన ఒక ప్రసంగంలో చెప్పాడు. అది ఆయన సొంత సంగతేనని చరిత్రకారులు భావిస్తారు. ఏడాదికి 30 పౌండ్ల ఆదాయంలో ఆ మనిషి 28తో బతికి రెండు ఇచ్చాడు. ఆదాయం 60 అయినా ఖర్చు 28 దాటలేదు, 32 ఇచ్చాడు. అది 90 అయినప్పుడూ, 120 అయినప్పుడూ ఖర్చు 28 దగ్గరే ఆగింది. నెలనెలా ఈఎంఐలు కట్టే మనకు ఇందులో కావాల్సింది ఆ అంకె కాదు. ఎంతైతే చాలో ఆయన ఆదాయం పెరగకముందే తేల్చుకున్నాడు. మనం రాబడి పెరిగాక తేల్చుకుందామంటాం, అప్పటికి మన అవసరాలూ పెరిగి కూర్చుంటాయి. దశమభాగం ఇస్తున్నాం కదా అంటారేమో. అది మంచిదే. కానీ పదో వంతు ఇచ్చాక మిగతా తొమ్మిది వంతుల గురించి దేవుడు ఏమీ అడగడనుకుంటే, దశమభాగం ఒక పన్ను అయిపోతుంది.

మీవారితో వాదన పెట్టుకోకండి. ఆయన మాటలో కృతజ్ఞత ఉంది, దాన్ని గౌరవించండి. అబ్రాహాము ధనవంతుడు కాదా, యోబుకు రెండింతలు రాలేదా అని ఆయన అడగవచ్చు. కలిమి ఉంటే దేవుని దయ, పోతే ఆయన కోపం అన్న లెక్క యోబు స్నేహితులదని, ఆ పుస్తకం చివర దేవుడు కోప్పడింది వాళ్లమీదేనని నెమ్మదిగా గుర్తుచేయండి. లోను తీసుకుంటే మరో పదిహేనో ఇరవయ్యో ఏళ్లపాటు మీ ఇద్దరి జీతాల్లో ఎంత భాగానికి ముందే యజమాని ఏర్పడతాడో కాగితం మీద కలిసి వేసి చూడండి. పిల్లలు పెరిగి నిజంగా ఇరుకైతే ఇల్లు మారడం పాపం కాదు. అవసరం లేదని తేలితే, ఆ వాయిదాకు పెట్టబోయిన మొత్తంలో కొంతైనా మీకు తెలిసిన ఒక కుటుంబానికి వెళ్లాలి. సంఘం పెట్టెలో వేసి మరిచిపోకండి. ఆ ఇంటి అమ్మాయి కాలేజీ ఫీజో, ఆ ఇంటి పెద్దాయన మందుల ఖర్చో మీరు తీసుకోండి. వాళ్లింటికి వెళ్లండి, వాళ్లను మీ ఇంటికి భోజనానికి పిలవండి. దాని గురించి సంఘంలో సాక్ష్యం చెప్పకండి. ఫలానా సంఘంలో మనసు పలుకుతుందేమోనని తిరగడం ఒక ఏడాది ఆపి, మీ సంఘంలోనే ఉండండి. ఆ ఇంటివాళ్ల పేర్లు పెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టండి.