రాజభాష – మాతృభాష

మెట్‌పల్లి ఖాదీ నేతకు పేరొందిన ఊరు. ఒకప్పుడిది హైదరాబాదు రాజ్యములోనిది. ఆ కాలమున ఇచ్చటి బాలుడు ఇంట తల్లితో తెలుగు పలికి, బడిలో ఉర్దూ పాఠములు వల్లించెడివాడు. పై చదువునకు హైదరాబాదు చేరినను అచ్చటను ఉర్దూయే!

భారతదేశమున కళాశాలలన్నిట ఆంగ్లము రాజ్యమేలుచున్న దినములవి. హైదరాబాదు రాజ్యము బ్రిటిషువారి ఆధిపత్యమునకు లోబడినను, లోపలి పాలనను తానే సాగించుకొనుచుండెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపించి, ఉర్దూను బోధనభాషగా చేసెను.

అప్పటికి ఉర్దూలో తగిన పాఠ్యగ్రంథములు లేవు, శాస్త్రపదములును చాలవు. ఈ కొరత తీర్చుటకు 1917లోనే అనువాదశాల యొకటి ఏర్పడెను. పండితులు అందు చేరి గ్రంథములను అనువదించిరి. క్రొత్త పదములను కల్పించిరి. వైద్యము సైతము ఉర్దూలో బోధింపబడెను. దేశభాష శాస్త్రభారమును మోయగలదని ఋజువయ్యెను.

కాని ఆ భాష ఎవరిది? రాజ్యమున రమారమి సగముమంది తెలుగువారు. మరాఠీ, కన్నడము మాటలాడువారును లక్షల కొలది కలరు. ఉర్దూ మాతృభాషగా గలవారు కొలదిమందియే. ఇతరుల బిడ్డలు విషయము నేర్చుటకు ముందు భాష నేర్వవలసి వచ్చెను.

హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి పట్టభద్రుడగు వరకు ఉర్దూలోనే చదివెను. అయినను తెలుగు కవియై, ఉస్మానియాలోనే తెలుగు ఆచార్యుడై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందెను. వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1938 నాటి వందేమాతర ఉద్యమమున పాల్గొని, పిదప రాజ్యము విడిచి నాగపూరులో చదువు సాగించెను.

1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమైన పిమ్మట, ఉస్మానియాలో ఉర్దూ స్థానమును ఆంగ్లమాక్రమించెను. తెలుగు మరల వేచియుండవలసి వచ్చెను. కళాశాల చదువులకు తెలుగు పుస్తకములు సిద్ధపరచుటకై 1968లో తెలుగు అకాడమి వెలసెను. ఒకనాడు చదువుకై పరరాజ్యమేగిన నరసింహారావే దానికి తొలి అధ్యక్షుడు!

బాలలారా! ఉర్దూ మనకు శత్రువు కాదు. తన పనివారు పూనుకొనగా అది శాస్త్రభాష యయ్యెను. అట్టి పూనిక ప్రతి భాషకును కావలెను. నేటికిని వైద్యవిద్య చాలవరకు ఆంగ్లముననే సాగుచున్నది. ఆ కొరత తీర్చు పని మీ తరమువారిది.

ప్రశ్నలు
1. అనువాదశాల అవసరమేల కలిగెను?
2. ఉస్మానియా విశ్వవిద్యాలయము వలన కలిగిన మేలును, తీరని కొరతను వివరింపుము.