సీనియర్ రీబేస్ చేశారు, నా కమిట్లు పోయాయి

సమస్య:
సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. మా సీనియర్ అన్న, నేను ఒకే ఫీచర్ బ్రాంచ్ మీద పనిచేస్తున్నాం. మొన్న సాయంత్రం ఆయన "హిస్టరీ గజిబిజిగా ఉంది, సర్దేశాను" అంటూ రీబేస్ చేసి ఫోర్స్ పుష్ కొట్టారు. ఆ మధ్యాహ్నం నేను పుష్ చేసిన కమిట్లు ఇప్పుడు బ్రాంచ్‌లో లేవు. పుల్ చేస్తే కాన్‌ఫ్లిక్టులు కుప్పలుగా వచ్చాయి. పక్క సీటు ఫ్రెండ్ "రీసెట్ హార్డ్ కొట్టెయ్, సర్వర్‌లో ఉన్నదే వస్తుంది" అంది. కొట్టాను. ఇప్పుడు నా మెషీన్‌లోనూ లేవు. నెలాఖరుకి డెమో. అన్నకి చెబితే తప్పు పట్టినట్టు ఉంటుందేమోనని నోరు రావడం లేదు. అంతా మళ్లీ రాసుకోవాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సలహా:
రాసుకోనక్కర్లేదమ్మా. కమిట్ చేసినదాన్ని గిట్ అంత తేలిగ్గా పారేయదు. రీబేస్ పాత కమిట్లను దిద్దదు. కొత్త కమిట్లు తయారుచేసి, బ్రాంచ్ పేరును వాటి మీదికి జరుపుతుంది. రీసెట్ కూడా జరిపేది పేరునే. పాతవి పేరు లేకుండా మీ మెషీన్‌లోనే పడి ఉంటాయి.

టెర్మినల్ తెరిచి ‘గిట్ రీఫ్లాగ్’ కొట్టండి. మీ హెడ్ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో, కొత్తది పైన ఉండేలా, వరుసగా వస్తుంది. ‘రీసెట్: మూవింగ్ టు’ అన్న వరుస కనపడుతుంది కదా, దాని కిందనే మీ చివరి కమిట్ సందేశం, ఎడమ చివర దాని పొట్టి హ్యాష్ ఉంటాయి. ‘గిట్ బ్రాంచ్ నా-పని’ అని రాసి, పక్కన ఆ హ్యాష్ పెట్టి ఎంటర్ కొట్టండి. పేరు దొరికింది కాబట్టి ఇక ఎక్కడికీ పోవు. తర్వాత అన్న సర్దిన బ్రాంచ్‌లోకి వెళ్లి, మీ కమిట్లను మాత్రమే చెర్రీ-పిక్ చేసుకోండి. పాత బ్రాంచ్ మొత్తాన్ని మెర్జ్ చేయొద్దు. ఆయన కమిట్ల పాత నకళ్లు కూడా వచ్చి హిస్టరీలో ఒక్కోటీ రెండుసార్లు కనపడుతుంది.

గడువు సంగతి. మామూలు సెట్టింగుల్లో రీఫ్లాగ్ 90 రోజులు ఉంటుంది, బ్రాంచ్‌కి అందకుండా పోయిన కమిట్ల వరుసలు మాత్రం 30 రోజులే. అయితే అది మీ మెషీన్‌లో ఉన్న చిట్టా, క్లోన్‌తో పాటు రాదు. విసుగొచ్చి ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ క్లోన్ చేసేవాళ్లే నిజంగా నష్టపోతారు. మీరు ఆ పని చేయలేదుగా?

ఒక చేదు మాట కూడా చెప్పాలి. రీసెట్ హార్డ్ కొట్టేటప్పటికి కమిట్ చేయని మార్పులుంటే అవి రీఫ్లాగ్‌లో దొరకవు. కనీసం యాడ్ చేసి ఉంటే ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే’కి లాస్ట్-ఫౌండ్ ఆప్షన్ ఇచ్చి వెతకొచ్చు. ఫైలు పేర్లు ఉండవు, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే. యాడ్ కూడా చేయకపోతే గిట్ దగ్గర ఏమీ లేదు, మీ ఎడిటర్ లోకల్ హిస్టరీ దాచిందేమో చూడండి. మీ ఫ్రెండ్ సలహా నాకు నచ్చలేదు. పుల్ మధ్యలో చిక్కుపడితే ముందు కొట్టాల్సింది ‘గిట్ మెర్జ్’కి అబార్ట్ ఆప్షన్.

ఇక అన్న విషయం. ఇద్దరు పనిచేసే బ్రాంచ్‌లో చెప్పకుండా హిస్టరీ తిరగరాయడం ఆయన పొరపాటే, సీనియర్ అయినా సరే. "అన్నా, మొన్నటి ఫోర్స్ పుష్‌లో నా కమిట్లు పోయాయి, రీఫ్లాగ్ నుంచి తెచ్చుకున్నా. ఇకమీద ఫోర్స్-విత్-లీజ్ వాడదామా?" అనండి. సర్వర్‌లో బ్రాంచ్ మనం ఆఖరిసారి చూసిన చోటే ఉంటేనే అది పుష్ కానిస్తుంది. మధ్యలో మీరేమైనా పెట్టి ఉంటే ఆగిపోతుంది. ఆయన ఎడిటర్ దానంతటదే వెనకాల ఫెచ్ చేస్తుంటే మాత్రం ఈ కాపలా పనిచేయదు, చూడకపోయినా చూసినట్టే లెక్క. గిట్ 2.30 నుంచి వచ్చిన ఫోర్స్-ఇఫ్-ఇన్‌క్లూడ్స్‌ని దానికి తోడు పెట్టుకోమనండి. రీబేస్‌కి ముందు ఒక బ్యాకప్ బ్రాంచ్ తీయడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. మెయిన్ బ్రాంచ్ మీదికి ఫోర్స్ పుష్ రాకుండా సర్వర్ సెట్టింగుల్లోనే ఆపించండి.

ఈ రోజే రీఫ్లాగ్ తెరవండి. దొరికినవాటిని వేరే బ్రాంచ్‌గా సర్వర్‌లో పుష్ చేశాకే అన్నతో మాట్లాడండి.